రొయ్యల రైతు సమాచారానికీ రక్షణ కావాలి

నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల వనామీ చెరువుల లెక్కలు నేడు చేతిపుస్తకం నుంచి సెల్‌ఫోనుకు మారుతున్నాయి. మేత మోతాదు, నీటి లవణీయత, రొయ్య కౌంటు, తెల్లమచ్చల వ్యాధి లక్షణాలు రైతు పేరు, ఫోన్ నంబరుతో కలిసి యాప్‌లలో, వాట్సాప్ గ్రూపులలో చేరుతున్నాయి. వ్యాధి సోకి తొందరగా పట్టుబడి చేయవలసిన చెరువేదో కొనుగోలుదారుకు ముందే తెలిస్తే, బేరం రైతు చేయి దాటిపోతుంది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు రైతుకు ఉండాలి. తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు.

పరిశోధనకు మినహాయింపు ఉందని శాస్త్రవేత్తలు నిశ్చింతగా ఉండరాదు. ఆ సమాచారంతో ఒక నిర్దిష్ట వ్యక్తి విషయంలో నిర్ణయం తీసుకోనప్పుడు, నిర్దేశిత ప్రమాణాలను పాటించినప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది. సర్వేకు వర్తించిన మినహాయింపు, అదే పట్టిక చూసి లబ్ధిదారుని ఎంపిక చేసే పనికి వర్తించదు.

కాబట్టి విస్తరణ కేంద్రాలు కంపెనీలకు హితవు చెప్పే ముందు తమ పట్టికలను సరిచూసుకోవాలి. అవసరం లేనిచోట ఆధార్ సంఖ్య అడగరాదు. విశ్లేషణలో పేరుకు బదులు సంకేత సంఖ్య వాడాలి. రైతుల జాబితాలను గ్రూపులలో పంచరాదు. చెరువు గట్టున రైతు నిజం చెప్పేది నమ్మకంతోనే. ఆ నమ్మకం పోతే వ్యాధి సమాచారం దాగిపోతుంది. ముప్పు పక్క చెరువుకూ పాకుతుంది.