గ్రాంటు ముగిశాక

1935లో పాతూరి నాగభూషణం పూనికతో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పుస్తకాల పడవ నడిచింది. పడవ ఏనాడో ఆగింది. బెజవాడలో 1914లో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మాత్రం నిలిచింది. గ్రాంటు ముగిశాక ఏది నిలుస్తుందన్నదే ప్రశ్న.

నేడు రాజా రామమోహన్ రాయ్ ఫౌండేషన్ వంటి సంస్థల గ్రాంట్లతో గ్రంథాలయాలకు పుస్తకాలు, బీరువాలు, కంప్యూటర్లు అందుతున్నాయి. వినియోగ ధ్రువపత్రం ఇవ్వగానే ఫైలు మూతపడుతుంది. అందులో బిల్లులుంటాయి, పాఠకుడే ఉండడు. మూడేళ్లు పోయాక ఎవరైనా వెళ్లి పుస్తకం వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూడాలి. చివరి ముద్ర ఏ ఏడాదిది? కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీశారా, లేదా?

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. గ్రాంటు తర్వాత ఆదుకోవాల్సింది అదే. పురపాలికలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి తమ దగ్గరే ఉంచుకుంటే కొత్త పుస్తకం ఎలా వస్తుంది? మళ్లీ గ్రాంటు కోరే సంస్థ పాత గ్రాంటు పుస్తకాల ఇష్యూ రిజిస్టరు నకలు జతచేయాలని నిబంధన పెట్టాలి.