రాతకు కూలి అడగడం తప్పా?

డబ్బు తీసుకుని రాసేవాడు అభ్యుదయ రచయిత కాడని మొన్న మా జిల్లా సభలో ఒక పెద్దాయన సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. వేదిక మీద కూర్చున్నవాణ్ణి, కొట్టకపోతే బాగుండదు. ఆయన మీద నాకు గౌరవం వుంది. ఆయన వాదం మీద మాత్రం లేదు. ఆ మాట అక్కడే లేచి చెప్పవలసింది. చెప్పలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

చప్పట్లు కొట్టని మనిషి ఆ హాల్లో ఒకతె వుంది. డిగ్రీలో నా విద్యార్థిని. తరువాత ఎం.ఏ. తెలుగు చేసింది. ఉద్యోగం లేదు. కథలు రాస్తుంది, నాలుగు అచ్చయినాయి. అందులో రెండు మన పత్రికల్లో వచ్చే సగానికి సగం కథలకన్న మంచివి. వాళ్ళ అమ్మ పొగాకు గ్రేడింగుకు పోతుంది. సభకు వారం ముందు ఆ అమ్మాయి కాలేజీకి వచ్చి, "సార్, కథకు డబ్బులిచ్చే పత్రికలు ఏవేవో, ఏది ఎంత ఇస్తుందో ఒక కాగితం మీద రాసిస్తారా?" అని అడిగింది. "దానికేం భాగ్యమమ్మా" అని కాగితం తీశాను.

మొదట ఆకాశవాణి అని రాశాను. ప్రసంగానికి పిలిస్తే వాళ్ళు కాంట్రాక్టు కాగితం పంపుతారు. ఎన్ని నిమిషాలు, ఏ తేదీ, ఎంత సొమ్ము, అన్నీ అందులో వుంటాయి. సొమ్ము పెద్దది కాదు, కాని ముందే తెలుస్తుంది. తరువాత సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్టు అని రాశాను. అనువాదం అప్పగిస్తే ఒప్పందం వుంటుంది. పుస్తకం ఎప్పుడు వస్తుందన్నది వేరే సంగతి. ఆ తరువాత దూరవిద్య పాఠాలు, పాఠానికి ఇంత అని. ఇంతవరకు పెన్ను బాగానే నడిచింది. ప్రైవేటు పత్రికల దగ్గరకు వచ్చేసరికి ఆగింది. పదేళ్ళుగా వాటికి రాస్తున్నవాణ్ణి, వాటిలో ఏది ఎంత ఇస్తుందో నాకు తెలియదు! కొందరు కథకు కొంత ఇస్తారు, వ్యాసానికి ఇవ్వరు. కొందరు అడిగితే ఇస్తారు. కొందరు అడిగినవాడి పేరు గుర్తు పెట్టుకుని మళ్ళీ వేయరు. రేటు అన్నది ఎక్కడా అచ్చులో లేదు. ప్రకటనల రేటు మాత్రం సెంటీమీటరు లెక్కన అడిగినవారికల్లా పంపుతారు.

ఆ అమ్మాయి నా కాగితం చూసి, "మా అమ్మకు పనిలోకి పోకముందే కూలెంతో తెలుసు సార్" అంది. వెక్కిరింపు కాదు. ఉన్న సంగతి చెప్పింది.

నా సొంత లెక్క కూడా చెప్పుకోవాలి. ఇప్పటికి పెద్ద పత్రికల్లో పదకొండు రచనలు అచ్చయినాయి. మూడింటికి డబ్బు వచ్చింది. అన్నిటికన్న పెద్ద మొత్తం వెయ్యి రూపాయలు. ఒక చెక్కు పద్నాలుగు నెలలకు వచ్చింది. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది, బ్యాంకు తీసుకోలేదు. ఇంకొక కథను ఆ పత్రికవారే ఎవరికో ఇచ్చారు కాబోలు, ఒక ఆడియో యాప్‌లో ఎవరో ఆడమనిషి గొంతులో వినిపించింది. బాగా చదివింది. ఆమెకేమైనా ముట్టిందో లేదో! నాకు మాత్రం కథ చివర నా పేరు వినే భాగ్యం కూడా కలగలేదు.

ఇక పెద్దాయన వాదానికి వద్దాం. సాహిత్యం సరుకు కాదు, కనుక దానికి వెల కట్టరాదు అన్నది ఆయన సిద్ధాంతం. వినడానికి ఎంతో విప్లవాత్మకంగా వుంది. కాని రచన సరుకు కాదని ఎవరితో చెప్పాలి? దాన్ని సరుకు చేసి అమ్ముతున్నవాడితోనా, దాన్ని తయారుచేసి ఉత్తచేతులతో ఇంటికి పోతున్నవాడితోనా? పత్రిక యజమాని నా కథను నాలుగు ప్రకటనల మధ్య పెట్టి అమ్మినప్పుడు అది సరుకే. ఆ పేజీకి డి.టి.పి. చేసిన అమ్మాయికి పేజీ లెక్కన ఇచ్చినప్పుడూ, ఏజెంటు కమీషన్ మినహాయించుకున్నప్పుడూ సరుకే. నేను చెయ్యి చాచిన క్షణాన మాత్రం అది పవిత్రమైపోతుంది. ఈ పవిత్రత ఎవరి లాభానికి పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి రాజకీయార్థశాస్త్రం చదవనక్కరలేదు.

చదివినవారికోసం మాత్రం ఒక సంగతి. మార్క్స్ ఇండియా మీద 1853లో రాసిన వ్యాసాలను మనం తరగతుల్లోనూ సభల్లోనూ డెబ్బై ఏళ్ళుగా ఉటంకిస్తున్నాం. అవి ఎక్కడ అచ్చయినాయి? న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో. పార్టీ పత్రిక కాదు, అమెరికా వ్యాపార పత్రిక. మార్క్స్ దానికి పదేళ్ళపాటు, 1862 దాకా, లండన్ నుంచి రాశాడు. వ్యాసానికి మొదట ఒక పౌను, తరువాత రెండు పౌన్లు. ఆయన పంపిన వ్యాసాల్లో కొన్నిటిని వాళ్ళు పేరు లేకుండా సంపాదకీయాలుగా వేసుకున్నారు. కొన్నిటిని వెయ్యలేదు, వెయ్యనివాటికి డబ్బివ్వలేదు. మార్క్స్ ఊరుకున్నాడా? గొడవ పెట్టుకున్నాడు. 1857లో ఆర్థిక సంక్షోభం వచ్చి ట్రిబ్యూన్ విలేఖరులను తగ్గించుకుంటున్నప్పుడు, వేసినా వెయ్యకపోయినా వారానికి ఒక వ్యాసానికి డబ్బిచ్చే ఏర్పాటు దక్కించుకున్నాడు. ఆయన చేతిరాత ఎవరికీ అర్థం కాదు కనుక జెన్నీ కూర్చుని సాపు రాసేది. (ఆ శ్రమకు ట్రిబ్యూన్ ఏమిచ్చిందని మాత్రం మన మగ విమర్శకులు ఎవరూ అడగలేదు, నేనూ ఇప్పుడే అడుగుతున్నాను.) మన పెద్దాయన కొలబద్దతో కొలిస్తే ఆ వ్యాసాల కర్త అభ్యుదయ రచయిత కాకుండా పోతాడు. కాపిటల్ మొదటి సంపుటంలో పీసు రేటు కూలి మీద ఒక ప్రకరణం వుంది. పీసు రేటుకు రాసి బతకడమేమిటో ఆ రాసినాయనకు బయటినుంచి తెలిసిన విషయం కాదు.

రచయిత రాయడానికి సంపాదించుకోవాలి గాని సంపాదించడానికే రాయరాదన్నవాడు కూడా ఆ మార్క్సే కదా అని మిత్రులెవరైనా అడ్డు తగలవచ్చు. నిజమే, 1842లో పత్రికాస్వేచ్ఛ మీద రాస్తూ ఆ అర్థం వచ్చే మాట అన్నాడు. ఆ మాటలో మొదటి సగం కూడా వుందని నా మనవి. మనవాళ్ళు రెండో సగమే పట్టుకున్నారు.

మిల్టన్ పేరు కూడా చెబుతుంటారు. పారడైజ్ లాస్ట్‌ను అయిదు పౌన్లకు ఇచ్చేశాడు, మహాకవి డబ్బు చూసుకున్నాడా అని. ఆ అయిదు పౌన్ల వెనక 1667 ఏప్రిల్‌లో రాసుకున్న ఒప్పందం వుంది. ముందు అయిదు పౌన్లు. మొదటి కూర్పు 1300 ప్రతులు అమ్ముడుపోగానే మరో అయిదు. రెండో కూర్పుకు, మూడో కూర్పుకు అలాగే. అన్యాయమైన బేరమే, సందేహం లేదు. కాని మూడున్నర శతాబ్దాల కింద లండన్ ముద్రాపకుడు ఒక గుడ్డి కవికి కాగితం మీద రాసి ఇచ్చిన ప్రతుల లెక్కను ఇవాళ మన పత్రికలు ఏ తెలుగు కథకుడికి రాసి ఇస్తున్నాయో చూపండి.

ఇక పోతన్న. ఈ వాదంలో పోతన్న రాక తప్పదు. రాజులిచ్చే సొమ్ము కాదని నాగలి పట్టాడని చెబుతారు. ఆ కథ నిజమే అనుకుందాం. నాగలి పట్టడానికి ఆయనకు పొలం వుంది. మన ఆధునికుల సంగతీ అంతే. గురజాడకు విజయనగరం సంస్థానంలో కొలువు వుంది. 1897లో కన్యాశుల్కం అచ్చులో వచ్చినప్పుడు అంకితం ఆనంద గజపతికే. కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో పనిచేశాడు. ఆయన కథల వెనక ఒక నెల జీతం వుంది. శ్రీశ్రీ సినిమాలకు పోయాడని ఏడ్చినవారిలో ఎవరూ ఆయనకు కవిత్వానికి నెలజీతం ఏర్పాటు చేయలేదు. ఇది నిందించడానికి చెప్పడం లేదు. కలానికి తిండి ఎక్కడో ఒకచోటినుంచి రావాలి. పొలమూ కొలువూ లేనివాళ్ళ సంగతేమిటన్నది ప్రశ్న.

పత్రికలకే దిక్కులేదు, మీకేం ఇస్తాయని మరొక మిత్రుడంటాడు. ఇందులో నిజం లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఆంధ్రభూమి అచ్చు ఆగింది, నవ్య వారపత్రిక ఆగింది. తరువాత విపుల, చతుర కూడా మూతపడ్డాయి. కథకు చోటే పోయింది. ఒప్పుకుంటాను. కాని ఆస్తి వున్న రోజుల్లో ఎలా పంచారో చూసినవారికి, నష్టం వచ్చిన రోజున ఏడుపులో భాగం పంచుకోవడం కష్టం. వారపత్రికలు వెలిగిన కాలంలో సీరియలుకు డబ్బిచ్చారు, ఎందుకంటే సీరియలు పత్రికను అమ్మింది. దాని మీదే సంసారం నడిపిన నవలాకారులు వున్నారు. అమ్మని రచనకు, అంటే విమర్శకూ కవిత్వానికీ, అప్పుడూ పేరే పారితోషికం.

ఇప్పుడు పారితోషికం స్థానంలో పోటీలు వచ్చాయి. ఉగాదికి ఒకటి, సంక్రాంతికి ఒకటి, అమెరికా సంఘాలవి కొన్ని. మొదటి బహుమతి పాతికవేలో యాభైవేలో అంటే నోరు తెరుస్తాం. వందలమంది నాట్లు వేస్తే, సాయంత్రం ముగ్గుర్ని పిలిచి పట్టుబట్టలు పెట్టి, మిగతావాళ్ళను ఇళ్ళకు పొమ్మనే ఆసామిని ఏమంటాం? అదే పని పత్రిక చేస్తే సాహిత్యసేవ అంటున్నాం. పైగా కొన్ని పోటీల నిబంధనల్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం వుంటుంది: ప్రచురణకు తీసుకున్న కథల సర్వహక్కులూ నిర్వాహకులవే.

ఆ వాక్యానికి బెదరనక్కరలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగి కానివాడు రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాడే. 19వ సెక్షను ప్రకారం ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, రచయిత సంతకంతో వుండాలి. ఎంత సొమ్మో అందులో చెప్పాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరే మాట రాసుకోనప్పుడు, అది తిరిగి రచయితకే వస్తుంది. 2012 సవరణ సినిమా పాటల రచయితలకోసం వచ్చిందనే అందరూ అనుకుంటారు. సౌండు రికార్డింగులో చేరిన సాహిత్యరచనకు రాయల్టీ అడిగే హక్కును కూడా వదులుకోవడానికి వీలులేకుండా చేసిందది. ఈ నాలుగు ముక్కలు నాకు ముప్పై నాలుగో ఏట తెలిశాయి. ఎం.ఏ.లో అలంకారశాస్త్రం రెండు పేపర్లు చదివాను, ఇది ఎవరూ చెప్పలేదు. నా కథను గాలికి వదిలిన పత్రికవారికి ఇప్పుడు రిజిస్టరు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఇంతవరకు మిత్రులు నాతో వున్నారనుకుంటాను. ఇక్కడినుంచి కొందరికి కోపం రావచ్చు.

తెలుగులో ఉచితంగా రాస్తున్నది ఎవరు? మనమే. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన అధికారులు. ఒకటో తారీఖున జీతం పడుతుంది కనుక ఆదివారం అనుబంధానికి ఉచితంగా రాసి, ఫోటో చూసుకుని మురిసిపోతాం. మనం ఉచితంగా రాసినంతకాలం, సంపాదకుడు ఆ అమ్మాయికి డబ్బెందుకు ఇవ్వాలి? పక్కవూరి కూలీలు తక్కువకు వస్తే ఈ వూరి కూలి రేటు ఏమవుతుందో మన నవలల్లో ఎన్నిసార్లు రాయలేదు! ఇక్కడ ఆ పక్కవూరివాళ్ళం మనమే. తక్కువకు కూడా కాదు, ఊరికే వస్తున్నాం. దాని ఫలితం డబ్బుతో ఆగదు. జీతమున్నవాళ్ళే రాయగలిగితే సాహిత్యంలో జీతమున్నవాళ్ళ లోకమే వస్తుంది. పొగాకు కూలి మీద కథ నేనూ రాశాను. ఆ అమ్మాయి కథ చదివిన తరువాత నా కథను సంకలనంలోంచి తీసేశాను.

డబ్బిచ్చి అచ్చువేయించుకునే వింత కూడా మా వృత్తిలో వుంది. 2019లో వచ్చి 2025లో పోయిన యూజీసీ కేర్ జాబితా కాలంలో, పదోన్నతికి వ్యాసాలు కావాలని పేజీ లెక్కన రుసుము కట్టినవారు నాకు తెలుసు. దాని సంగతి మరొకసారి.

మన త్రైమాసిక పత్రిక కూడా డబ్బివ్వదు కదా అంటారు. ఇవ్వదు. ఇక్కడ ఎవరూ లాభం తీయడం లేదు. సంపాదకుడు తన పెన్షన్‌లోంచి పోస్టేజి పెట్టుకుంటాడు. లాభం లేనిచోట చందా వేసుకున్నట్టు శ్రమ వేసుకోవడం ఒకటి, లాభమున్నచోట శ్రమ ఎగవేయడం మరొకటి. రెండూ ఒకటని నేననను. కాని చందా కూడా స్తోమతునుబట్టి వేసుకోవాలి. జీతమున్న మేం ఉచితంగా రాస్తాం, రాయాలి. జీతం లేనివారికి మాత్రం రచన తీసుకునే రోజునే రేటు చెప్పి, సంచిక వచ్చిన రోజున ఇవ్వాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. పెద్దయెత్తున కాదు. సంచికకు జీతం లేని రచయితలు అయిదుగురు అనుకుందాం, ఒక్కొక్కరికి 500 రూపాయలు. నాలుగు సంచికలకు 10,000.

ఎక్కడినుంచి తేవాలని మా కోశాధికారి ముందే అడిగారు. నిరుటి వార్షికసభ ఖర్చుల పుస్తకం తీయించాను. ఇరవైరెండుమందికి సన్మానం. శాలువ, జ్ఞాపిక, దండ కలిసి మనిషికి 600, మొత్తం 13,200. ఆ ఇరవైరెండుమందిలో నేనూ ఒకణ్ణి. నా శాలువ బీరువా పైఅరలో, అంతకుముందువి మూడింటి మీద వుంది. ఈ ఏడాది శాలువలు మానేస్తే పదివేలు రచయితలకు పోను 3,200 మిగులుతుంది. పోస్టేజికి సంపాదకుడు పెన్షన్ ముట్టుకోనక్కరలేదు.