పాత మాస్కు కొంటున్నారా? ముందు అద్దం సంగతి చూడండి!

ఒక తల్లి ఇలా రాశారు: "మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులొస్తే స్నేహితులతో పెయింట్‌బాల్ ఆటకు వెళ్తున్నాడు. ముఖానికి పెట్టుకునే మాస్కు కొత్తది ఖరీదెక్కువట. ఎవరో వాడిన పాతది సగం ధరకు వస్తుందంటున్నాడు. కొననివ్వమంటారా డాక్టరుగారూ?"

కొననివ్వండి. కాని ఒక షరతు: మాస్కు పాతదైనా ఫరవాలేదు, అందులోని అద్దం మాత్రం కొత్తది వుండాలి.

ఎందుకో చెబుతాను. ఈ ఆట 1981లో అమెరికాలో మొదలైంది. చెట్లకూ పశువులకూ గుర్తు వేయడానికి వాడే రంగు తుపాకులతో కొందరు మిత్రులు సరదాగా ఆడుకున్నారు. ఇందులో వాడే రంగు గుండు సుమారు 17 మిల్లీమీటర్ల లావు, 3 గ్రాముల బరువు వుంటుంది. చూస్తే చిన్నదే. కాని సెకనుకు దాదాపు 300 అడుగుల వేగంతో, అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్ల వేగంతో రాగలదు. క్రికెట్ బంతి పెద్దది కనుక కంటి చుట్టూ వున్న ఎముక దెబ్బను కొంత ఆపుతుంది. ఈ గుండు అలా కాదు. ఎముకల మధ్య నుంచి తిన్నగా కనుగుడ్డునే తాకుతుంది.

బిళ్ళంగోడు దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లలను నా సర్వీసులో చూశాను. ఇదీ అలాంటి దెబ్బే. కంటిలో రక్తం చేరవచ్చు, శుక్లం రావచ్చు, లోపలి రెటీనా పొర వూడిపోవచ్చు, కనుగుడ్డే పగలవచ్చు. దెబ్బ మానిందనుకున్న కొన్నేళ్ళకు నీటికాసుల జబ్బు రావడం కూడా వుంది.

పాత మాస్కు కొనేటప్పుడు ఈ పరీక్షలు చేయండి:

1. అది పెయింట్‌బాల్ కోసమే తయారైనదా? ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1776 అనే ప్రమాణం గుర్తు వుందేమో చూడండి. మోటారు సైకిలు కళ్ళజోడు, వెల్డింగు అద్దాలు ఈ ఆటకు పనికిరావు.

2. అద్దం పాలీకార్బొనేటు అనే గట్టి ప్లాస్టిక్. కాని ఎండకూ, దెబ్బలకూ, స్పిరిట్, థిన్నర్ వంటి ద్రవాలకూ అది బలహీనపడుతుంది. అందులోని సన్నని పగుళ్ళు కంటికి కనబడకపోవచ్చు. "నాలుగుసార్లే వాడాను" అని అమ్మేవాడు చెప్పినా నమ్మకండి. అదే కంపెనీ, అదే మోడల్‌కు సరిపోయే కొత్త అద్దం దొరుకుతుందో లేదో ముందుగా కనుక్కోండి. దొరక్కపోతే ఆ మాస్కు వదిలేయండి. మాస్కు ధరకు అద్దం ధర కలిపి చూస్తే ఒక్కోసారి కొత్తదే చవక!

3. అద్దం బిగించే చోట, గడ్డం దగ్గర, చెవుల దగ్గర ఫ్రేమును వెలుతురులో పెట్టి చూడండి. పగులు వున్నా, అతికించిన గుర్తు వున్నా వద్దు.

4. వెనుక పట్టీ లాగి చూడండి. సాగిపోయి వుంటే మార్చాలి. పెట్టుకుని తల విదిలించినా, వంగినా మాస్కు కదలకూడదు. కళ్ళజోడు వాడే పిల్లవాడైతే జోడుతో సహా పెట్టుకుని చూడాలి.

5. ముఖానికి తగిలే స్పాంజిలో మరొకరి చెమట, మురికి వుంటాయి. వీలైతే మార్చండి. లేదా సబ్బునీళ్ళతో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి.

అద్దాన్ని మంచినీళ్ళతో, మెత్తని గుడ్డతో మాత్రమే తుడవాలి. ఎండలో నిలిపిన కారులో మాస్కును వదిలిపెట్టకండి. దగ్గర నుంచి గట్టి దెబ్బ తగిలితే అద్దం వెంటనే మార్చాలి. తగలకపోయినా ఏడాదికొకసారి మార్చడం మంచిది.

ఇంకొక ముఖ్య విషయం. చాలామందికి దెబ్బ తగిలేది మాస్కు పైకెత్తిన క్షణంలోనే. అద్దానికి ఆవిరి పట్టిందనో, చెమట పోస్తోందనో ఎత్తుతారు. ఆవిరి పడితే మైదానం వదిలి, తుపాకులు పేలని చోటికి వచ్చాకే తీయాలి. ఈ మాట మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఒకవేళ కంటికి దెబ్బ తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, పసరు పోయకూడదు. కంటిని తాకకుండా ఒక కాగితపు కప్పును ఎముక మీద ఆనేటట్లు అడ్డుపెట్టి, తల ఎత్తుగా వుంచి వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆస్పిరిన్ బిళ్ళ ఇవ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. చూపు బాగానే వుందని ఇంట్లో కూర్చోవద్దు.

అమ్మా! మీ అబ్బాయిని ఆట మానమని నేను చెప్పను. మాస్కులో ఎంతైనా పొదుపు చేయండి. అద్దంలో మాత్రం చేయకండి.