తాటాకు ఇల్లు దాటనక్కర్లేదు, నకలు కాలేజీకొస్తే చాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజలకు, అధ్యాపకులకు విన్నపం

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బస చేసి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చి సొంత చేతిరాతతో ఇచ్చారు. పాటకు మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. ఆ అసలు కాగితం తర్వాత ఒక అమెరికన్ చేతికి వెళ్లిందని, కాలేజీలో ఫ్రేము కట్టి ఉంచింది నకలేనని చెబుతారు. పోతేపోయింది, ఆ చేతిరాత చూడాలంటే మనకు అమెరికా ప్రయాణం తప్పింది.

మన ఊళ్ల తాళపత్రాలకూ ఆ ఏర్పాటు చేయమంటున్నాం. ఇళ్లలో, మఠాల్లో ఉన్న కట్టలను ఎవరూ ఇచ్చేయనక్కర్లేదు. ప్రతి ఆకునూ రెండు వైపులా ఫొటో తీసి, అసలు కొలతలోనే అచ్చువేసి, మూడు ఊళ్ల కాలేజీ లైబ్రరీల్లో పెట్టాలి. 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకోవాలి.

అచ్చుపుస్తకాలున్నాయి కదా అంటారు. తాటాకు మీద పద్యం పాదాలుగా విడిపోయి ఉండదు, మాటల మధ్య ఎడం ఉండదు, 'ధర్మ'లోని రకారం వలపలగిలకగా పక్కన నిలబడుతుంది. అచ్చులో ఇదంతా పండితుడు ముందే చక్కదిద్ది పెడతాడు. తరిగొండ వెంగమాంబ పుట్టిన ఊరు మనకు పక్కనే. అయినా తెలుగు ఎమ్మే చేసి కూడా తాటాకు చదవలేకపోతున్నారంటే తప్పు పిల్లలది కాదు, వాళ్ల చేతికి ఆకు అందితే కదా!

బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి నకళ్లు రాయించాడు. గొప్ప పనే. కాని చేత్తో ఎత్తి రాస్తే కొత్త పొరపాట్లు చేరతాయి. ఫొటోలో గంటం జారిన చోటు, పురుగు తొలిచిన బెజ్జం సహా ఉన్నదున్నట్టు వస్తుంది.

బొమ్మల పటాలైతే మరీ సున్నితం. చేర్యాల పటాన్ని సుద్ద, చింతగింజల జిగురు పట్టించిన గుడ్డ మీద రాస్తారు. చుట్టి విప్పినకొద్దీ రంగు పెచ్చులూడుతుంది. పాఠానికి పూర్తి నిడివి నకలు వేలాడదీస్తే, కథకుడు పాడే వరుసలోనే పిల్లలు బొమ్మలు చూస్తారు. శ్రీకాళహస్తి పాత కలంకారీలకూ ఇదే దారి.

నకలుకు హద్దులున్నాయి. ఆకు వయసు, రంగు దినుసు తేల్చాలంటే అసలు దగ్గరికే వెళ్లాలి. ప్రతి నకలు మీదా 'ఇది నకలు' అని చెరగకుండా అచ్చువేయాలి, లేదంటే పాత వస్తువుల బేరగాళ్లకు పండగే. ఇంటివారు వద్దంటే వారి పేరు వేయకూడదు.

మీ అటక మీద కట్ట ఉంటే తెలిసినవారు వచ్చేవరకు నూనె పూయకండి, తాడు లాగకండి. ఫొటో తీసేటప్పుడు పక్కనే కూర్చోండి. పని అయ్యాక ఆకులు లెక్కపెట్టుకుని, కట్ట మీరే కట్టుకోండి.