సాంచా లెక్క ఎటు పోయింది?

లారీకి డ్రైవర్ ఉన్నట్టే మెమొరీ కార్డుకు కూడా ఒక డ్రైవర్ ఉంటుంది. మనిషి కాదు, చిన్న ప్రోగ్రామ్. మెషీన్‌లోని చిప్పు తరఫున కార్డుకు హుకుం ఇచ్చేది, జవాబు తెచ్చేది అదే. ఆ హుకుంనే కమాండ్ అంటారు.

మా వాడలో ఒక షెడ్డుల సాంచాలకు పిక్కులు లెక్కపెట్టే మీటర్లు బిగించారు. లెక్క కార్డు మీద ఎక్కుతుంది, వారం కూలి దాని మీదనే. కొన్ని సాంచాల మీద కరెంటు పోయి వచ్చినప్పుడల్లా "కార్డు లేదు" అని చూపిస్తుండె. ఆ పూట లెక్క సున్నా. నేసినోడు నేసినా అంటడు, సేటు లెక్క చూపియ్యి అంటడు. కార్డులు మార్చినా అదే తంతు. నన్ను పిలిచారు.

ఆ కార్డులనే కంప్యూటర్‌లో పెడితే బాగానే చదివింది. అంటే కార్డు మంచిదే. తొందరపడుతున్నది డ్రైవర్.

కరెంటు అందగానే కార్డు మాట వినదు. ముందు కనీసం 74 క్లాక్ దెబ్బలు పడాలి. తర్వాతనే 0 నంబరు కమాండ్, అంటే "మొదటికి రా" అని. అప్పటికి క్లాక్ వేగం సెకనుకు 4 లక్షల దెబ్బలు దాటొద్దు. కార్డు తయారైనంక 2.5 కోట్ల దాకా పెంచుకోవచ్చు. "తయారైనవా?" అని అడిగేది 41 నంబరు కమాండ్. దాన్ని ఒక సెకను దాకా మళ్లీ మళ్లీ అడగాలి. రాసేటప్పుడూ అంతే. కార్డు పనిలో ఉంటే డేటా తీగను కిందికి పట్టుకుంటుంది. అది వదిలేదాకా ఆగాలి.

పడుగు తెరుచుకోకముందే నాడె విసిరితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

ఈ మీటరు డ్రైవర్ పదిసార్లు అడిగి "లేదు" అని తేల్చేస్తున్నది. కొత్త చిప్పు వేగం ఎక్కువ కాబట్టి ఆ పదిసార్లు రెప్పపాటులో అయిపోతున్నాయి. కొన్ని కార్డులు త్వరగా లేస్తాయి, కొన్ని నెమ్మదిగా లేస్తాయి. అందుకే అన్ని సాంచాల మీద ఈ తిప్పలు రాలేదు. నేను "పదిసార్లు" తీసేసి "ఒక సెకను" అని పెట్టాను. మొదటి దెబ్బల వేగం తగ్గించాను. తర్వాత మెయిన్ ఆపి, వేసి యాభైసార్లు చూశాం. యాభైసార్లూ కార్డు పలికింది.

కానీ పోయిన పూటల లెక్క తిరిగి రాదు. కార్డు మీద ఎక్కనిదాన్ని ఏ కంప్యూటరూ తీయలేదు. అందుకే ఒక మాట. "కార్డు లేదు" అని వస్తే ఫార్మాట్ నొక్కకండి, పాత రోజుల లెక్క కూడా పోతుంది. సాంచా నంబరు, టైము, నేసిన మీటర్లు నోటుబుక్కులో రాసి అప్పుడే జాబర్ సంతకం తీసుకోండి. మెషీన్ లెక్క తప్పినా మీ కష్టం లెక్క తప్పొద్దు.