కుక్కకాటుకు చెప్పుదెబ్బ కాదు

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అన్న సామెతను చాలా ఇళ్ళలో కుక్కపిల్లల పెంపకానికి పాఠంలా పట్టుకున్నారు. మా కాలనీలో ఎవరింటికి కొత్తగా కూన వచ్చినా వారం తిరక్కుండానే మొదలు. చున్నీ లాగుతోంది, పిల్లల వేళ్ళు కొరుకుతోంది అంటారు. వెంటనే చెప్పు తీస్తారు, లేదా మూతి మీద ఒకటి వేస్తారు.

నన్నడిగితే అది పొగరు కాదు, పసితనం. మన పిల్లలకు పళ్ళొచ్చేటప్పుడు అందిందల్లా నోట్లో పెట్టుకోలేదూ? కూనకు 28 పాలపళ్ళు ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలలప్పుడు అవి ఊడటం మొదలై, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. చిగుళ్ళు సలిపే ఆ రోజుల్లో దానికి చెప్పయినా, మన కాలివేలైనా ఒకటే.

ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో అది తోడబుట్టిన కూనలతో ఆడుకుంటూ నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. అదే దాని బడి. ముద్దొస్తోందని నెల కూనను ఎత్తుకొస్తే ఆ బడి మాన్పించినట్టే. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండనివ్వాలి.

మన పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు చాలా ఇళ్ళు కంపెనీ షిఫ్టుల లెక్కన నడుస్తాయి. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటాడు, పిల్లలు బడికి పోతారు, కూన గొలుసుకు ఉంటుంది. సాయంత్రం విప్పగానే అందరి మీదా పడి పీకుతుంది. రోజంతా బిగబట్టిన ఆట అది. పొద్దునా సాయంత్రం కాసేపు ఆడిస్తే, మధ్యలో కంటినిండా నిద్రపోనిస్తే సగం గొడవ తగ్గుతుంది.

పళ్ళు తగలగానే చేయి గుంజుకోకండి, అదీ ఆటే అనుకుంటుంది. కదలకుండా ఆగి, పాత గుడ్డను ముడివేసి తడిపి ఫ్రిజ్‌లో పెట్టి నోటికివ్వండి. మీ కళ్ళ ముందే కొరకనివ్వండి, గుడ్డ పీలికలు మింగేస్తుంది. అయినా చేతిమీదికే వస్తే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోండి, అర నిమిషం చాలు. అయితే ఇంటిల్లిపాదిదీ ఒకే మాట కావాలి. అమ్మ వద్దంటుంటే నాన్న చేయి కొరికించుకుని నవ్వితే దానికేం అర్థమవుతుంది? ఇక కొడితే నేర్చుకునేది ఒక్కటే, మనిషి చేయి దగ్గరికొస్తే భయపడాలని. భయపడ్డ కుక్కే పెద్దయ్యాక నిజంగా కరుస్తుంది.

పసితనమని గాటును తేలిగ్గా తీసుకోమనడం లేదు. 2024 జూన్‌లో మన ఇస్నాపూర్‌లోనే వలస కార్మికుల బిడ్డ వీధికుక్కల దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. వీధికుక్కల సంగతి వేరే అయినా, అప్పట్నుంచి కుక్క మాటెత్తితేనే పెద్దలు మండిపడుతున్నారు. దాంతో పిల్లలు ఏం చేస్తున్నారు? ఇంట్లో తిడతారనో, కూనను బయట వదిలేస్తారనో గాటు దాచేస్తున్నారు. నాకు కూన పళ్ళకంటే ఈ దాపరికమే భయం.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయిస్తారు. అప్పటిదాకా దానికి రక్షణ లేనట్టే. అందుకే "మనింటి కూనేగా" అని ఊరుకోకూడదు. చర్మం గీరుకుపోయినా సరే, పావుగంట సేపు కుళాయి ధార కింద సబ్బుతో కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, రాసిచ్చిన తేదీలన్నిటికీ సూదులు పూర్తి చేయించాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు లేదు, ముందే టీకా పడితే గండం తప్పుతుంది.

అందుకే కూనను తెచ్చిన రోజే పిల్లల్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పండి. "అది కొరికితే ముందు నాకు చెప్పు. నిన్ను తిట్టను, దాన్ని కొట్టను, ఎక్కడా వదిలేయను." ఆ మాట మీద నిలబడటమే పెద్దవాళ్ళుగా మన పని.