షీటుకింత కాదు, రోజుకింత అని మాట్లాడుకుందాం



సెలవులొస్తే మన హాస్టళ్ల నుంచి చాలామందిమి కూలికి పోతాం. పరీక్ష ఫీజుకో, ఇంటికి పంపడానికో. గొల్లపూడి, పోరంకి, తాడేపల్లి, నది అవతల అమరావతి, ఎటు చూసినా కట్టడాలే. అక్కడ మనకు దొరికే పనుల్లో ఒకటి జిప్సం బోర్డులు లారీ నుంచి దింపి పై అంతస్తులకు మోయడం. సీలింగుకు, అడ్డగోడలకు వాడే షీట్లు అవి. "సిమెంటు బస్తా కన్నా తేలికేగా" అంటారు మేస్త్రీలు. ఆ మాటతోనే మాకు పేచీ.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12.5 మి.మీ. మందం ఉన్న షీటు దాదాపు 18 నుంచి 20 కేజీలు. బస్తా 50 కేజీలు, నిజమే. కానీ బస్తా భుజం మీద ఒదుగుతుంది, షీటు ఒదగదు. మెట్ల మలుపులో ముందేముందో కనపడదు. గోడలు లేవని పై అంతస్తులో నది గాలి కొట్టిందంటే మనిషిని అంచు దాకా నెట్టేస్తుంది.

ఇంకా పెద్ద ప్రమాదం గోడకు ఆనించి నిలబెట్టిన దొంతర. 20 షీట్లంటే ఐదు ధాన్యం బస్తాల బరువు. అది ముందుకు ఒరిగితే చేతులతో ఆపలేం. ఆపాలని చూడకూడదు కూడా, పక్కకు తప్పుకోవాల్సిందే.

భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనల్లో మగమనిషి ఒక్కడే ఎత్తే బరువుకు 55 కేజీలు, ఆడమనిషికి 30 కేజీలు హద్దు పెట్టారు. ఆ లెక్కన ఒక్క షీటు హద్దులోనే ఉంది. కానీ కూలి షీటుకింత అని ఉంటే ఒక్కటితో ఎవరు ఆగుతారు? రెండు, మూడు ఎత్తుతాం. మూడైతే హద్దు దగ్గరికో, దాటో పోతుంది. అంటే తొందర మనది కాదు, ఆ రేటుది.

అందుకే మా మాట ఇది. లారీ తాడు విప్పకముందే ఇవి తేల్చుకోవాలి:

1. కూలి రోజుకింత. షీటుకు ఇద్దరు, అంచు మీద నిలువుగా పట్టుకుని మోయాలి.
2. నేల చదునుగా ఉన్నచోట ట్రాలీ ఇవ్వాలి.
3. షీట్లు పడుకోబెట్టాలి, కింద ఒకే ఎత్తు చెక్కలు వేయాలి. శ్లాబు మధ్యలో అంతా ఒకేచోట పేర్చకూడదు.
4. గాలి, వాన ఉంటే పని ఆపాలి. తడిసిన షీటు బరువెక్కుతుంది, చేతిలోనే విరుగుతుంది.

"ఇన్ని అడిగితే రేపట్నుంచి రావొద్దంటారు" అంటారు కొందరు. ఒక్కరు అడిగితే అంటారు. పదిమంది కలిసి అడిగితే ఆలోచిస్తారు. పైగా షీటు మూల విరిగితే నష్టం వాళ్లకే. ఇద్దరు మోస్తే సరుకూ దక్కుతుంది. ఆ లెక్కే చెప్పండి.

ఇంకోమాట. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు వయసు 18 నుంచి 60 ఉండాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసుండాలి. సెలవుల్లో పోయే మనకు ఆ రోజులు నిండకపోవచ్చు. ఇదే పని మీద బతికే మన నాన్నలకు, అన్నలకు, అక్కలకు నిండుతాయి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు కార్డు ఉందో లేదో అడగండి. లేకపోతే దరఖాస్తు మనమే నింపుదాం. మనం చదువుకున్నది ముందు ఇంటికి అక్కరకు రావాలి.